ఐదో నంబర్‌కు నాలుగే ఫౌల్స్

బాస్కెట్‌బాల్ రెఫరీ పరీక్షకు కూర్చోబోయే పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికి వస్తున్నారు. హబ్సిగూడ నుంచి ఇద్దరు అబ్బాయిలు, మా నాచారం నుంచే ఒక అమ్మాయి. రూల్ పుస్తకం నా ముందు పెట్టి, ఏది ముఖ్యమో గీత గీసి ఇమ్మంటారు. పుస్తకంలో ఉన్నది పుస్తకమే చెబుతుంది, అందులో లేనిది చెబుదామని నేను ఇది రాయడానికి కూర్చున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపేశాను. ప్రతిసారీ నా గొప్పలే వచ్చాయి. ఏ ఊళ్లో ఎంత పెద్ద మ్యాచ్ చేశానో, ఎవరు నా చేయి పట్టుకుని మెచ్చుకున్నారో అవన్నీ రాశాను. రాయాల్సింది ఒకటే ఉంది, దాని దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయేది. ఈసారి చింపను.

నా పేరు సుధాకర్. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. జీతం అక్కడిది. కానీ నువ్వేం చేస్తావని ఎవరైనా అడిగితే, రెఫరీనని చెప్పుకునేవాణ్ణి. ఉప్పల్, నాచారం చుట్టుపక్కల స్కూలు పోటీల నుంచి ప్రొఫెషనల్ లీగ్ దాకా విజిల్ ఊదాను. ఊదాక వెనక్కి తీసుకోడని నాకు పేరు. ఆ పేరే నన్ను ముంచింది.

బంతి కింద పెట్టి మాట్లాడు

నాకు పని నేర్పింది ప్రసాదరావు గారు. రైల్వే ఉద్యోగి, బెజవాడ మనిషి, సాయంత్రాలు గ్రౌండులో రెఫరీ. పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం ప్లాట్‌ఫారం ఆ చివరికి వినిపించేది. నేను మొదటిసారి ఆయన ముందు మ్యాచ్ చేసినప్పుడు ఆయన నా విజిల్ గురించి గాని పరుగు గురించి గాని ఏమీ అనలేదు.

"ఏవయ్యా, ఆ బంతి నీ చంకలో ఏం చేస్తోంది?" అన్నారు.

అది నా అలవాటు. మా కాలేజీలో ఉన్నవి రెండే బంతులు. పీరియడ్ అయ్యేలోపు ఒకదాన్ని ఎవడో ఒకడు గోడ అవతలికి పంపేవాడు. అందుకని బంతి దొరికితే చంకలో ఇరికించుకుని మాట్లాడటం నాకు అలవాటైపోయింది. ఊళ్లో వ్యాయామం మాస్టార్లలో సగం మందికి ఈ జబ్బు ఉంది.

"ఫౌల్ ఎవరిదో టేబుల్‌కి చేతులతో చెప్పాలి. నీకున్నవి రెండే. ఒకటి బంతికిచ్చేస్తే మిగిలినదాంతో ఏం చెబుతావు? బంతి కింద పెట్టి మాట్లాడు" అన్నారాయన.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆటలో ఎవరైనా ఎదుటివాణ్ణి అక్రమంగా తాకితే, లాగితే, తోస్తే ఫౌల్. రెఫరీ విజిల్ ఊది, స్కోర్ రాసేవాళ్ల టేబుల్ వైపు తిరిగి, ఫౌల్ చేసినవాడి జెర్సీ నంబర్ వేళ్లతో చూపిస్తాడు. ఐదో నంబర్ అయితే ఒక చెయ్యి, ఐదు వేళ్లు. పదిహేను అయితే ఒక చేతి పిడికిలి, రెండో చేతి ఐదు వేళ్లు. పిడికిలి అంటే పది. టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు చూసి షీటులో రాసుకుంటారు. ఒక ఆటగాడికి ఐదు ఫౌల్స్ అయితే ఆ మ్యాచ్‌లో ఇక ఆడకూడదు, బయటికి వెళ్లిపోవాలి.

ప్రసాదరావు గారు చెప్పారు కదా అని రెండు మూడేళ్లు జాగ్రత్తగానే ఉన్నాను. తరవాత నాకూ పేరొచ్చింది, నన్ను సరిదిద్దేవాళ్లు తగ్గిపోయారు, బంతి మళ్లీ చంకలోకి చేరింది.

ఆయన గురించి ఇంకొక్కటి చెప్పాలి. నాచారంలో ఫ్యాక్టరీల మధ్య పోటీలు జరిగేవి. ఒక ఫైనల్లో ఆయన ఒక బుట్ట చెల్లదని కొట్టేశారు. చెల్లదని అన్న క్షణంలోనే తాను పొరబడ్డానని ఆయనకు అర్థమైపోయింది. ఆట ఆపి, మైదానం మధ్యలోకి నడిచి, అందరికీ వినిపించేలా "తప్పు నాది. బుట్ట చెల్లుతుంది" అన్నారు. వేరుశనక్కాయల తొక్కలు, ఒక చెప్పు, రెండు మూడు బూతులు వచ్చి పడ్డాయి. ఆయన చెప్పును తీసి పక్కన పెట్టి ఆట మొదలుపెట్టించారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను, "అందరి ముందూ ఎందుకు చెప్పారు సార్, పరువు పోయింది కదా" అన్నాను.

"నా పరువు కోసం ఆ కుర్రాడి రెండు పాయింట్లు ఉంచేసుకోమంటావా?" అన్నారు.

అప్పుడు ఆ మాట నాకు నచ్చలేదు. ఇంత చిన్న పోటీకి అంత అవసరమా అనుకున్నాను.

మీరు చూడాల్సింది బంతిని కాదు

అసలు విషయంలోకి వెళ్లేముందు పిల్లలకు రెండు ముక్కలు. టీమ్ మేనేజర్లు పంపే టీ తాగకండి, దప్పికైతే మీ సీసా మీరు తెచ్చుకోండి. మ్యాచ్‌కి ముందు ఏ కోచ్‌తోనూ నవ్వుతూ కనబడకండి, రెండో కోచ్ చూస్తూనే ఉంటాడు. ఓడినవాళ్లు తిడితే పట్టించుకోకండి, గెలిచినవాళ్లు పొగిడితే అసలే పట్టించుకోకండి.

ఇక బంతిని జనం చూస్తారు, కెమెరా చూస్తుంది. ముగ్గురు రెఫరీల్లో ఒకరు బంతికి దూరంగా ఉన్నవాళ్లను చూస్తుండాలి. బుట్ట కింద చొక్కాలు పట్టుకునేవాళ్లు, మోచేతులు పెట్టేవాళ్లు అక్కడే ఉంటారు. నేను అందులో గట్టివాణ్ణి. ఇప్పుడు చెప్పబోయే ఫౌల్‌ను కూడా నేను సరిగ్గానే పట్టుకున్నాను. చూడటంలో తప్పు జరగలేదు.

మూడో మ్యాచ్

మా ఊరి టీమ్ ప్రొఫెషనల్ లీగ్‌లో ప్లేఆఫ్ దాకా వచ్చిన ఏడాది అది. సెమీఫైనల్ మూడు మ్యాచ్‌ల సిరీస్, రెండు గెలిచినవాళ్లు ఫైనల్‌కి. మొదటిది వాళ్ల ఊళ్లో ఓడాం. రెండోది ఇక్కడ గెలిచాం, కానీ మా ఆఖరి బుట్ట టైమ్ అయిపోయాక పడిందని వాళ్లు పెద్ద గొడవ చేశారు. ఫోన్లలో ఆ వీడియో ఆపి ఆపి చూపిస్తూ రెండు ఊళ్లవాళ్లూ ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. ఇక్కడి రెఫరీలు ఇక్కడివాళ్లకే కొమ్ముకాస్తారని వాళ్లు రాశారు.

మూడోదీ ఇక్కడే. దానికి బయటి నుంచి రావలసిన చీఫ్ రెఫరీకి జ్వరం వచ్చింది. ఆ బాధ్యత నా మీద పడింది. అవతలి టీమ్ కాగితం పెట్టింది, లోకల్ మనిషి వద్దని. నేనే ఆ కాగితం చదివాను. ఒళ్లు మండిపోయింది. లోకల్ అంటే ఏమిటో మీకు చూపిస్తానని మనసులో అనుకుని మైదానంలోకి దిగాను. ఆ మాట అనుకున్నప్పుడే నేను పనికిరాకుండా పోయాను. ఆ సాయంత్రం మావాళ్ల మీద నా విజిల్ అరక్షణం ముందు మోగుతూనే ఉంది.

మా టీమ్ కెప్టెన్ శ్రీకాంత్, ఐదో నంబర్. చిల్కానగర్ కుర్రాడు. వాళ్ల తాతకు అక్కడే పొలం ఉండేది, ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లు. శ్రీకాంత్‌కి పదకొండేళ్లప్పుడు వాళ్ల స్కూల్లో మొదటి మ్యాచ్‌కి విజిల్ ఊదింది నేనే. అది అవతలి టీమ్‌కీ తెలుసు, హాల్లో డప్పులు కొట్టే జనానికీ తెలుసు.

మూడో క్వార్టర్ చివర్లో శ్రీకాంత్‌కి మూడు ఫౌల్స్ ఉన్నాయి. మా పొడుగు కుర్రాడు, పదిహేనో నంబర్‌కి కూడా మూడే. బంతి అవతలి మూల ఉండగా బుట్ట కింద పదిహేను ఎదుటివాడి చెయ్యి పట్టి లాగాడు. నేను ఊదాను. ఆ కుర్రాడు మంచివాడు, తప్పు ఒప్పుకుంటూ చెయ్యి పైకెత్తాడు. బంతి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చింది. తీసి చంకలో పెట్టుకుని టేబుల్ వైపు తిరిగి చూపించాను. ఒక చెయ్యి, ఐదు వేళ్లు. నోటితో పదిహేను అనే అన్నాను. డప్పుల హోరులో నా మాట నాకే వినబడలేదు. పిడికిలి ఎత్తాల్సిన చెయ్యి బంతిని పట్టుకుని ఉంది.

టేబుల్ దగ్గర స్కోరర్ విజయ గారు ఐదో నంబర్‌కి నాలుగో ఫౌల్ రాశారు. నాలుగు అని రాసిన అట్టముక్క ఎత్తి చూపించారు. పదిహేనుకి కూడా అది నాలుగోదే అయ్యేది కాబట్టి, చూసినవాళ్లెవరికీ అనుమానం రాలేదు. మా కోచ్ పదిహేనుని కాపాడుకుందామని కాసేపు బెంచీ మీద కూర్చోబెట్టాడు కూడా. శ్రీకాంత్ తనకు మూడే అనుకుని ఆడుతున్నాడు.

ఆఖరి క్వార్టర్. ఇంకా రెండు నిమిషాలు ఉండగా మాది రెండు పాయింట్ల ఆధిక్యం. శ్రీకాంత్ బంతితో బుట్ట మీదికి దూసుకెళ్లాడు. ఎదుటివాడు ముందే కాళ్లు ఊని నిలబడి ఉన్నాడు. శ్రీకాంత్ వెళ్లి అతని ఛాతీకి గుద్దుకున్నాడు. ఛార్జ్ ఫౌల్. నేను ఊదాను, అది సరైన విజిల్. టేబుల్ దగ్గర ఐదు అట్ట లేచింది.

శ్రీకాంత్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, నాలుగే సార్! నాకు నాలుగే! షీట్ జూడుండ్రి సార్, నాలుగే!"

షీటు తీసుకుని చూశాను. ఐదో నంబర్ వరుసలో ఐదు ఉన్నాయి. నాలుగోది ఎర్ర సిరాతో ఉంది. ఒకటో, మూడో క్వార్టర్ల ఫౌల్సే ఎర్ర సిరాతో రాస్తారు, అంటే అది మూడో క్వార్టర్‌ది. పదిహేనో నంబర్ వరుసలో మూడే ఉన్నాయి. ఆ రెండు వరుసలూ పక్కపక్కన చూస్తుంటే, చెయ్యి పైకెత్తిన పొడుగు కుర్రాడు నా కళ్ల ముందుకి వచ్చాడు. నాకు అర్థమైపోయింది. మరిచిపోయాననో, అనుమానంగా ఉందనో చెప్పుకోవడానికి వీల్లేదు. అక్కడే, ఆ నిమిషంలోనే తెలిసిపోయింది.

అలాంటి లెక్క తప్పును సరిదిద్దే అధికారం చీఫ్ రెఫరీకి ఉంది. చెయ్యెత్తి, ఇది పదిహేనుది అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నాకు ఆ కాగితం గుర్తొచ్చింది. లోకల్ మనిషి, లోకల్ కెప్టెన్, ఆఖరి రెండు నిమిషాల్లో షీటు దిద్దాడు అంటారు. విజిల్ వెనక్కి తీసుకోడన్న నా పేరు కూడా గుర్తొచ్చింది. ఎంత సిగ్గుమాలిన లెక్కో చూడండి. ఒక ఆటగాడి ఆట ఒకవైపు, నన్ను ఎవరో ఏదో అంటారేమోనన్న భయం ఇంకోవైపు. నేను రెండోదాన్నే చూసుకున్నాను.

"షీటులో ఐదున్నాయి. బయటికి నడువు" అన్నాను.

"మీకు ఎర్కనే గద సార్!" అన్నాడు వాడు. నా మొహంలో కనిపించి ఉంటుంది. నేను మొహం తిప్పుకున్నాను. వాడు వెనక్కి తిరిగి, బెంచీ పక్కనున్న నీళ్ల సీసాను తన్నాడు. అది టేబుల్ దాకా వచ్చి పడింది. దురుసుగా ప్రవర్తించినందుకు నేను టెక్నికల్ ఫౌల్ ఊదాను. ఎంత గట్టిగా ఊదానో ఇప్పటికీ చెవిలో ఉంది. దానికి అవతలివాళ్లకు, ఎవరూ అడ్డు రాకుండా బుట్టలో వేసే ఒక ఫ్రీ త్రో. వేశారు. మ్యాచ్ ఒక్క పాయింట్‌తో పోయింది.

సంతకం

మ్యాచ్ అయ్యాక షీటు మీద చీఫ్ రెఫరీ ఆఖరున సంతకం చేస్తాడు. అంతవరకూ లెక్క తప్పులు దిద్దవచ్చు. సంతకం పడ్డాక ఇక అంతే. ఓడిన టీమ్ కెప్టెన్ అంతకుముందే అభ్యంతరం అని సంతకం పెట్టే వీలుంది. కానీ ఆ కెప్టెన్ డ్రెస్సింగ్ రూమ్‌లో తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. షీటు చూసి నేనే చెప్పాను కాబట్టి కోచ్ కూడా తన లెక్కే తప్పిందనుకున్నాడు.

విజయ గారు హబ్సిగూడలో ఒక బాలికల స్కూల్లో టీచర్. నెమ్మదిగా మాట్లాడే మనిషి. షీటు నా ముందు పెట్టి కలం మాత్రం ఇవ్వలేదు.

"సార్, ఒక్క మాట. థర్డ్ క్వార్టర్ల మీరు జూపిచ్చింది ఐదేనా? పదిహేను పిలగాడు చెయ్యెత్తినట్టు అనిపిచ్చింది నాకు."

"నేను చూపించింది ఐదే అమ్మా. మీరు రాసింది కరెక్టే" అన్నాను.

అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నేను చూపించింది ఐదే. ఆవిడ రాసింది అదే. ఆవిడ కలం ఇచ్చారు, నేను సంతకం చేశాను. ఆవిడ మరుసటి సీజన్ నుంచి టేబుల్ పనికి రావడం మానేశారు. ఎందుకని నేను అడగలేదు.

ఛార్జా, బ్లాకా

రిటైరయ్యాక పొద్దున్నే నడకకు వెళ్తాను. నడక అయ్యాక ఉప్పల్ మెట్రో పిల్లర్ల దగ్గర ఒక టీ కొట్టులో అయిదారుగురం కలుస్తాం. అందులో ఇద్దరి గురించి చెప్పాలి. నర్సింగరావు మా కాలనీ సంఘం ప్రెసిడెంటు. ఆయన పెద్దవాళ్లు తరతరాలుగా ఉప్పల్‌లోనే వ్యవసాయం చేసినవాళ్లు, ఈయనకు గోడౌన్లు ఉన్నాయి. మూర్తి గారు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యారు. ఇద్దరూ ఆ రోజు హాల్లో ఉన్నారు. నాలుగేళ్లయినా ఆ సిరీస్ వాళ్లకు ముగియలేదు.

"అయ్యా, డిఫెండర్ కదులుతున్నాడు. అది బ్లాకండీ, అడ్డొచ్చినవాడి తప్పు, ఛార్జ్ కాదు" అంటూ మూర్తి గారు పేపరు అంచు మీద పెన్నుతో బొమ్మ గీస్తారు. ఆ బొమ్మలో డిఫెండర్ కాళ్లు రోజుకో చోట ఉంటాయి.

"బ్లాకో గీకో, గా సీసా ఎందుకు తన్నాలె? ఒక్క పాయింట్‌తోని పోయింది. జర ఓపిక వడ్తే ఫైనల్ల ఉంటుంటిమి. గంత కోపమొచ్చెటోడు కెప్టెనా?" అంటారు నర్సింగరావు.

"కోపం గాదన్నా, అమ్ముడువోయిండు. నాలుగు ఫౌల్స్ మీదున్నోడు ఎవడన్న గట్ల మీదికి ఉరుకుతడా? కావాల్నని బయటికి వోయిండు" అని ఇంకెవరో అంటారు.

ఆ మాటకు కొందరు తలూపుతారు. నాలుగు మీద ఉన్నవాడు నిజంగానే అలా దూకడు. వాడు మూడు మీద ఉన్నాననుకున్నాడని తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. టీ తాగుతూ కూర్చునేవాణ్ణి.

చివరికి అందరూ నా వైపు తిరుగుతారు. "సార్, మీరే జెప్పుండ్రి. ఛార్జా, బ్లాకా?"

"ఛార్జే. డిఫెండర్ కాళ్లు నిలబడే ఉన్నాయి" అనేవాణ్ణి.

"జూసిన్రా? సుధాకర్ సార్ అబద్ధం జెప్పడు" అనేవారు నర్సింగరావు.

అది కూడా నిజమే. ఐదోది అనుకున్న ఆ ఫౌల్ గురించి వాళ్లు నాలుగేళ్లు కొట్లాడుకున్నారు. దాన్లో ఏ తప్పూ లేదు. తప్పు అంతకుముందు ఫౌల్‌లో ఉంది, దాని సంగతి ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంత తెలివి నాకు ఇంకే పనిలోనూ రాలేదు.

ఈలోగా శ్రీకాంత్‌ని టీమ్ తరవాతి సీజన్‌కు తీసుకోలేదు. ఇంకో ఊరి టీమ్‌లో ఒక ఏడాది ఆడాడు, మోకాలు పోయింది. తిరిగొచ్చి ఉప్పల్‌లో ఒక జిమ్‌లో పనికి కుదిరాడు. దారిలో ఎదురైతే నమస్తే సార్ అనేవాడు. నేను నమస్తే అని గబగబా నడిచేవాణ్ణి.

చిల్కానగర్‌లో

మొన్న వేసవిలో కాలనీ గ్రౌండులో కొత్త కోర్టు వేశారు. పిల్లలకు నేర్పడానికి కోచ్ కావాలని సంఘం అడిగితే శ్రీకాంత్ దరఖాస్తు పెట్టాడు. టీ కొట్టు దగ్గర నర్సింగరావు నన్ను పక్కకు పిలిచారు.

"సార్, మీ మాట మీద ఉన్నం. ఆట మస్తుగొస్తది వానికి, కాదంటలేను. గని గా సీసా తన్నినోన్ని, గా పేరున్నోన్ని పిల్లల మీదికి ఎట్ల తెస్తం? తల్లిదండ్రులు అడుగుతున్రు. మీరు వద్దంటే వద్దు."

ఆలోచించి చెబుతానని వచ్చేశాను. వాడి ఆట నేనే తీశాను, పేరు నేనే పోగొట్టాను, ఇప్పుడు వాడికి కూడు పెట్టే పని కూడా నా మాట మీదే ఉంది. మర్నాడు పొద్దున చిల్కానగర్ వెళ్లాను.

పై అంతస్తులో రెండు గదుల ఇల్లు. వాళ్లమ్మ నన్ను చూసి కంగారుపడి కుర్చీ దులిపి, "సార్ వచ్చిండు బిడ్డా, లే" అని లోపలికి కేకేసింది. ఆవిడ చాయ్ పెట్టడానికి వెళ్లింది. శ్రీకాంత్ వచ్చి నిలబడ్డాడు.

"శ్రీకాంత్, ఆ రోజు మూడో క్వార్టర్లో..."

"పదిహేనుది సార్" అన్నాడు వాడు. "నాకు ఎర్కనే."

"ఎప్పటి నుంచి?"

"షీట్ జూసినప్పుడు మీ మొహం జూసిన గద. అప్పటి సంది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"జెప్పిన గద సార్. అక్కడనే జెప్పిన, నాలుగే అని. ఓడిపోయినంక జెప్తె సాకులంటరు." కింది గేటు వైపు చెయ్యి చూపించాడు. "మీరే వస్తరనుకున్న. చిన్నప్పుడు మా స్కూల్ల బాల్ బయటికి వోతే, నీకు తాకిందా అని అడిగిన్రు మీరు. తాకింది సార్ అన్న. బాల్ వాళ్లకిచ్చిన్రు గని, మంచిగ జెప్పినవ్ అని భుజం తట్టిన్రు. గది గుర్తు వెట్టుకొని ఒక నెల జూసిన మీ కోసం. గేటు సప్పుడైతే మీరే అనుకునేటోన్ని. తర్వాత జూసుడు బంద్ జేసిన."

వాళ్లమ్మ చాయ్ తెచ్చింది. గ్లాసు పక్కన పెట్టాను. నన్ను క్షమించమని అడిగాను. వాడు, "తాగుండ్రి సార్, సల్లగైతది" అన్నాడు. క్షమించానని అనలేదు. అనాలని నేను ఆశపడ్డాను చూడండి, అదీ సిగ్గే.

నమ్మలేదు

ఆ ఆదివారం కోర్టు పక్కన సంఘం మీటింగు పెట్టారు. టీ కొట్టు మనుషులందరూ ఉన్నారు. అందరి ముందూ నిలబడి మొత్తం చెప్పాను. బంతి చంకలో ఉన్న సంగతి, పిడికిలి ఎత్తని సంగతి, షీటు చూసి తెలిసీ నోరు మూసుకున్న సంగతి. టీ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి చూపించాను. "ఇదీ నేను చూపించాల్సింది. ఒక పిడికిలి, ఐదు వేళ్లు. పదిహేను. శ్రీకాంత్‌కి నాలుగే."

నా వీపు మీద చెప్పు పడినా బాగుండుననిపించింది. నర్సింగరావు లేచి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"సార్, మీ మనసు పెద్దది. పోరగాని బతుకు కోసం తప్పు మీ మీద ఏసుకుంటున్రు. గింత మంచితనం ఎవరికుంటది?"

"మంచితనం కాదు నర్సింగరావు గారూ, నిజం."

"మాస్టారూ, నాలుగేళ్లు ఛార్జే అన్నది మీరే కదండీ" అన్నారు మూర్తి గారు.

"ఇప్పటికీ ఛార్జే. కానీ అది నాలుగో ఫౌల్. ఐదోది కాదు."

"అదెలాగండీ, డిఫెండర్ కదిలాడు కదా" అంటూ ఆయన పేపరు, పెన్ను తీశారు. ఛార్జా, బ్లాకా అని మళ్లీ మొదలైంది. విజయ గారికి గాని, పదిహేనో నంబర్ కుర్రాడికి గాని ఫోన్ చేయండి, వాళ్లు చెబుతారన్నాను. మీరు చెప్పమంటే వాళ్లెందుకు కాదంటారు సార్ అని నవ్వారు. వీడియోలో చూద్దామన్నారు ఎవరో. చూశారు. కెమెరా బంతి వెంట ఉంది. బుట్ట కింద ఏం జరిగిందో అందులో లేదు. పదిహేను ఎత్తిన చెయ్యి మోచేతి నుంచి పైకి, తెర అంచున ఒక్క క్షణం కనబడింది. అది ఎవరి చెయ్యో తెలియదన్నారు.

కోచ్ పని అంబర్‌పేట్ నుంచి వచ్చిన ఇంకో అబ్బాయికి ఇచ్చారు. అబ్బాయి మంచివాడే. సార్ మాట కాదనలేక కొట్టివేయలేదు, మళ్లీ ఏడాది చూద్దామని శ్రీకాంత్ దరఖాస్తు మీద రాశారు.

ఆ సంగతి చెప్పడానికి నేనే జిమ్‌కి వెళ్లాను. శ్రీకాంత్ ఇనుప బిళ్లలు సర్దుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఎంత చెప్పినా నమ్మలేదురా, నిజమని ఒట్టేసినా నమ్మలేదు, చేతులెత్తి చూపించినా నమ్మలేదు అన్నాను. వాడు చేతిలోని బిళ్ల కింద పెట్టి నా వైపు చూశాడు. ఆ నాలుగేళ్లలో వాడు నన్ను సూటిగా చూడటం అదే మొదటిసారి.

"ఎట్లున్నది సార్?" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. చాలా కష్టంగా ఉందన్నాను. వాడు తలూపి మళ్లీ పనిలో పడ్డాడు.

పిల్లలూ, విజిల్ గట్టిగా ఊదడం ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పగలిగింది ఇంతే. బంతి కింద పెట్టండి. రెండు చేతులూ పైకెత్తండి. తప్పయిందని తెలిసిన నిమిషంలోనే నోరు తెరవండి, ఆ తరవాత మీరు ఎంత అరిచినా వినేవాళ్లు ఉండకపోవచ్చు.

నేను సంతకం చేసిన ఆ షీటును ఇప్పుడు ఎవరూ దిద్దలేరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ప్లేఆఫ్ సెమీఫైనల్, మూడో మ్యాచ్, మూడో క్వార్టర్. ఫౌల్ చేసింది పదిహేనో నంబర్. ఐదో నంబర్ శ్రీకాంత్‌కి ఆ మ్యాచ్‌లో నాలుగే ఫౌల్స్. తప్పు చీఫ్ రెఫరీది. చదివి, తెలిసి, సంతకం చేస్తున్నాను.

సుధాకర్,
నాచారం.